ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కేబుల్ పెట్టాలా, వైఫై పెట్టాలా? తర్వాత మార్చుకోవచ్చా?

ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే మధ్యలో రెండు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల (నెట్ కార్డుల) పేర్లు చూపించి ఒకటి ప్రైమరీగా ఎంచుకోమంది, రోజూ వాడేది వైఫైనే, ఇప్పుడు కేబుల్ అని నొక్కితే రేపు వైఫై రాకుండా పోతుందేమో అన్నది మీ భయం. ఏం పోదు. కేబుల్ చేతిలో ఉంటే నిశ్చింతగా కేబులే పెట్టండి. ఆ స్క్రీన్ మీదున్న వాక్యం ఇంకోసారి నింపాదిగా చదివితే, ఇన్‌స్టలేషన్ జరిగేంతసేపు దేన్ని వాడమంటారు అనే అడుగుతోంది తప్ప జీవితాంతం దేంతో ఉంటారని కాదు. సగం చదివి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

ఆ రెండు పేర్లలో ఏది ఏదో తెలుసుకోవడం తేలికే. ఈఎన్ అక్షరాలతో మొదలైతే ఈథర్‌నెట్, అంటే కేబుల్. డబ్ల్యూఎల్‌తో మొదలైతే వైఫై. వెనకాల వచ్చే అక్షరాలూ అంకెలూ కార్డు ఏ బస్ మీద ఏ స్లాట్‌లో ఉందో చెప్పేవి, వాటితో మనకు పనిలేదు. పాత ట్యుటోరియల్స్‌లో ఈటీహెచ్0, డబ్ల్యూలాన్0 అని కనిపిస్తాయి, 2013లో సిస్టమ్‌డీ అనే లైనక్స్ స్టార్టప్ ప్రోగ్రామ్ ఈ కొత్త పేర్లు తెచ్చాక చాలా డిస్ట్రోలు, అంటే లైనక్స్ రకాలు, ఇటు మారాయి. ఇంకో సంగతి, కేబుల్ ముందే గుచ్చి ఉంటే ఇన్‌స్టాలర్ సాధారణంగా ఆ వరుస మీదే హైలైట్ పెట్టి చూపిస్తుంది, మీరు ఎంటర్ కొడితే చాలు. అందుకే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయకముందే కేబుల్ గుచ్చి, పోర్టు దగ్గర చిన్న లైటు వెలిగిందో లేదో చూసుకోమంటాను. లైటు లేకపోతే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నీ, అది సరిగ్గా కూర్చుందా లేదా అన్నదాన్నీ. సెట్టింగ్స్ తర్వాత సంగతి.

కేబుల్ అని ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, వైఫై చిప్‌లలో చాలా వాటికి డ్రైవర్ ఒక్కటే సరిపోదు, ఫర్మ్‌వేర్ అనే ఫైల్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతిసారీ చిప్‌లోకి ఎక్కించాలి. అది లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే. డెబియన్ వాళ్లు ఓపెన్ సోర్స్ కాని ఫర్మ్‌వేర్‌ని చాలా ఏళ్లు అధికారిక ఇమేజ్‌లలో (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ ఫైళ్లలో) పెట్టలేదు, అందుకని ఇన్‌స్టాలర్ ఫలానా ఫైల్ కావాలి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉంటే పెట్టండి అని ఆగిపోయేది. నెట్ లేక ఫర్మ్‌వేర్ దించుకోలేం, ఫర్మ్‌వేర్ లేక నెట్ రాదు. ఈ తలనొప్పి వల్లే నాకు కేబుల్ అలవాటైంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లోనే వస్తోంది కాబట్టి ఇప్పుడు ఇంటెల్ కార్డుల్లాంటివి చాలావరకు వెంటనే దొరుకుతాయి. కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులు, వేళ్ల సైజు యూఎస్‌బీ వైఫై ముక్కలు మాత్రం ఇప్పటికీ సతాయిస్తాయి.

రెండో కారణం నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్. చిన్నగా ఉంటుందని అందరూ అదే దించుకుంటారు, కానీ అందులో ఉండేది పునాది మాత్రమే, డెస్క్‌టాప్‌తో (మౌస్‌తో వాడే విండోల స్క్రీన్‌తో) సహా మిగతాదంతా ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే నెట్ నుంచి వస్తుంది. సగంలో వైఫై సిగ్నల్ పడిపోతే ప్యాకేజీల దగ్గర ఎర్రర్ వచ్చి మళ్లీ ఆ స్టెప్‌కి రావాలి, కేబుల్‌తో ఆ గొడవ తక్కువ.

వైఫై తప్ప దారి లేదంటే అదీ సరే. నెట్‌వర్క్ పేరు ఎంచుకుని, సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 పెట్టి, పాస్‌వర్డ్ కొడితే అయిపోతుంది. ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. నాకు తెలిసినాయన ఒకరు పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నాననీ, ఫోన్‌లో అదే పాస్‌వర్డ్‌తో నెట్ వస్తోందనీ, ఇక్కడ మాత్రం కనెక్ట్ కావట్లేదనీ తల పట్టుకున్నారు. చూస్తే అంతకుముందు పేజీలో కీబోర్డ్ లేఅవుట్ బ్రిటిష్ అని ఎంచుకుని ఉంది. అమెరికన్ లేఅవుట్‌లో ఎట్ గుర్తు, డబుల్ కొటేషన్ ఉండే చోట్లు బ్రిటిష్ లేఅవుట్‌లో తారుమారవుతాయి, ఆయన పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు ఉంది. వెనక్కి వెళ్లి లేఅవుట్ మార్చగానే ఒక్క క్షణంలో కనెక్ట్ అయింది. కాబట్టి పాస్‌వర్డ్‌లో గుర్తులుంటే, మాటలు టైప్ చేసే ఏ ఖాళీ గడిలోనైనా ముందు ఆ గుర్తు కొట్టి చూసుకోండి. ఇంకా, యూజర్ నేమ్ కూడా అడిగే ఆఫీసు వైఫైలూ, బ్రౌజర్ తెరిచి లాగిన్ కావాల్సిన హాస్టల్, హోటల్ వైఫైలూ ఈ ఇన్‌స్టాలర్‌తో కుదరవు, వాటితో కుస్తీ పట్టకండి.

కేబుల్ లేదు, వైఫై కార్డు కనపడట్లేదు అంటే? ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ దాన్ని వైర్డ్ కార్డుగానే చూస్తుంది, ఫోన్ వైఫైలో ఉంటే ఆ నెట్టే ఇటు వస్తుంది కాబట్టి మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. లిస్ట్ వచ్చేసిన తర్వాత ఆన్ చేస్తే కనపడకపోవచ్చు, వెనక్కి వెళ్లి హార్డ్‌వేర్ గుర్తించే స్టెప్ మళ్లీ నడపండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే మాత్రం ఏం చేసినా రాదు.

డీహెచ్‌సీపీ, అంటే నెట్ సెట్టింగ్స్ వాటంతటవే వచ్చే పద్ధతి, దాని దగ్గర ఏమీ ముట్టుకోవద్దు. రూటరే ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్ అన్నీ ఇస్తుంది. ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్ ఫెయిలైందని వస్తే వెంటనే మాన్యువల్‌లోకి దూకి ఎక్కడో చూసిన నంబర్లు నింపేవాళ్లున్నారు, అది వద్దు, మళ్లీ ప్రయత్నించే ఆప్షన్ ఉంది, కేబుల్ సర్ది దాన్ని నొక్కండి. ఫిక్స్‌డ్ ఐపీ కావాలంటే రూటర్‌లో రిజర్వ్ చేసుకోవడమే మేలు, మెషీన్‌ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అదే ఐపీ వస్తుంది. ఆ తర్వాత అడిగే డొమైన్ పేరు ఖాళీగా వదిలేయొచ్చు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, రేపు వైఫై. గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్ కూడా వేస్తున్నారంటే నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ దాంతోపాటే వస్తుంది, మొదటిసారి లాగిన్ అయ్యాక మూలనున్న ఐకాన్ నొక్కి వైఫై పాస్‌వర్డ్ ఇస్తే కథ ముగిసింది, కేబుల్ పీకేయండి. రెండూ ఉంచుకున్నా గొడవ లేదు, నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా కేబుల్‌కి 100, వైఫైకి 600 అని మెట్రిక్, అంటే ప్రాధాన్య నంబరు, ఇస్తుంది, తక్కువ నంబరున్న దారిలోనే ట్రాఫిక్ వెళ్తుంది, కేబుల్ తీస్తే వైఫైకి మారుతుంది.

తేడా వచ్చేది డెస్క్‌టాప్ లేకుండా వేసేవాళ్లకే. వైఫై మీద అలా ఇన్‌స్టాల్ చేస్తే, ఇన్‌స్టాలర్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన వైఫై రీబూట్ తర్వాత మాయం కావచ్చు, ఎందుకంటే ఆ సెట్టింగ్ కొత్త సిస్టమ్‌లోకి రాదు, దాన్ని చూసుకునే నెట్‌వర్క్ మేనేజరూ లేదు. అలాంటప్పుడు రీబూట్ కాకముందే, నెట్ ఉండగానే నెట్‌వర్క్ మేనేజర్ వేసేసుకోవాలి. తర్వాత దాంతో వచ్చే ఎన్ఎమ్‌టీయూఐ అనే కమాండ్ కొడితే బాణం గుర్తులతో నడిచే మెనూ వస్తుంది, అక్కడ వైఫై పెట్టుకోవచ్చు. కేబుల్ మీద వేస్తే దీనికి అద్దం లాంటి ఇంకో వింత ఉంది. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్ లోపలున్న ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో కేబుల్ కార్డు పేరు రాసి ఉంటుంది, తర్వాతెప్పుడో డెస్క్‌టాప్ వేసుకుంటే నెట్ వస్తూనే ఉంటుంది కానీ ఐకాన్‌లో మాత్రం 'అన్‌మేనేజ్డ్' అని చూపిస్తుంది. ఆ ఫైల్‌లో పేరున్న కార్డుని నెట్‌వర్క్ మేనేజర్ ముట్టుకోదు. ఫైల్‌లో లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే దారి) వరసలు ఉంచి, ఆ కార్డు వరసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే సరి.

ఉబుంటు సర్వర్ అనే ఇంకో లైనక్స్ రకం వేసేవాళ్లకి ఒక్క ముక్క. కేబుల్‌తో ఇన్‌స్టాల్ చేసి తర్వాత పీకేస్తే, నెట్‌వర్క్ కాన్ఫిగర్ అయ్యేదాకా ఆగుతున్నా అంటూ బూట్ దాదాపు 2 నిమిషాలు నిలబడిపోతుంది. మెషీన్ పాడైందని కంగారు పడకండి, నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఆ కార్డు కింద ఆప్షనల్ ట్రూ అని చేర్చండి. విండోస్ 11 హోమ్ అయితే మొదటి సెటప్‌లోనే ఇంటర్నెట్ అడుగుతుంది, వైఫై డ్రైవర్ లేక లిస్ట్ ఖాళీగా కనిపిస్తే కేబులో, పైన చెప్పిన ఫోన్ టెథరింగో పెట్టుకుని ముందుకెళ్లండి, డ్రైవర్ సాధారణంగా తర్వాత అప్‌డేట్‌లో అదే దిగుతుంది.