హోమ్ థియేటర్ గదికి గోడలంతా ఫోమ్ వేయించాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, 14×11 అడుగుల గది, స్లాబ్ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. మంచి 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) కొన్నారు. అయినా డైలాగులు అర్థం కావడం లేదు, బాస్ (కింది స్థాయి బరువైన శబ్దం) మాత్రం గదంతా గుయ్‌మంటోంది. నాలుగు గోడలకీ అంగుళం మందం ఫోమ్ షీట్లు అంటిస్తే సరిపోతుందని ఇంటీరియర్ వాళ్ళు చెబుతున్నారు. వేయించాలా, వద్దా?

వేయించకండి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ పని వల్ల గది ఇప్పటికంటే పాడవుతుంది. విజయవాడలో మా ఇంటి మేడ మీద 16×12 గదిని థియేటర్‌గా మార్చుకున్నాను. ఆ అనుభవంతోనూ, తర్వాత బంధువుల ఇళ్ళలో చేసిన గదుల అనుభవంతోనూ చెబుతున్నాను.

ముందు మన గదుల సంగతి. యూట్యూబ్‌లో చూసే అమెరికా గదుల్లో గోడలు చెక్క ఫ్రేముల మీద బిగించిన జిప్సమ్ బోర్డులు. బాస్ తగిలినప్పుడు ఆ బోర్డు కాస్త ఊగుతుంది, ఆ ఊపులో కొంత శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. మనవి ఇటుక గోడలు, సిమెంట్ ప్లాస్టరింగ్, కింద విట్రిఫైడ్ టైల్స్, పైన ఆర్‌సీసీ స్లాబ్. కొత్త అపార్ట్‌మెంట్లలో మైవాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి) కడితే గోడలు కూడా కాంక్రీటే. ఇవి ఊగవు, పీల్చుకోవు, వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిప్పి పంపుతాయి. అందుకే అక్కడివాళ్ళు శబ్దాన్ని పీల్చే రెండు ప్యానెళ్ళతో సరిపెట్టిన చోట మనకు ఇంకా ఎక్కువ, ముఖ్యంగా ఇంకా మందంగా కావాలి.

మీ గది ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొడితే ఆ మోత పూర్తిగా అణగడానికి రెండు సెకన్లు పైనే పట్టొచ్చు. సినిమా చూసే చిన్న గదికి 0.3 నుంచి 0.4 సెకన్లు ఉంటే బాగుంటుంది. డైలాగు అర్థం కాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చు బలంగా, సాగుతూ పలుకుతుంది. తర్వాతి మాట మొదట్లో వచ్చే క, త, ప, స లాంటివి సన్నటి, క్షణికమైన శబ్దాలు. ముందు మాట తాలూకు అచ్చు ఇంకా గదిలో తిరుగుతుండగా ఈ హల్లు దాని కింద పడిపోతుంది. అప్పుడు మనం వాల్యూమ్ పెంచుతాం, దాంతోపాటు మోత కూడా పెరుగుతుంది. మా నాన్నగారికి వినికిడి కాస్త తగ్గింది. గది బాగుచేయకముందు సబ్‌టైటిల్స్ లేనిదే తెలుగు సినిమా కూడా చూడలేకపోయేవారు. ఇప్పుడు తక్కువ వాల్యూమ్‌లోనే హాయిగా చూస్తున్నారు. స్పీకర్లు పాతవే, యాంప్ పాతదే. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల రావడానికి కారణం అదే.

ఇక ఫోమ్ ఎందుకు వద్దన్నానో చూడండి. మెత్తటి పదార్థం శబ్దాన్ని పీల్చేది దాని రంధ్రాల్లో గాలి కదిలి, రాపిడి పుట్టినప్పుడు. గోడకు ఆనుకుని ఉన్న గాలి దాదాపు కదలదు. గోడ నుంచి తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో అన్నిటికంటే ఎక్కువగా కదులుతుంది. 1000 హెర్ట్జ్ (సెకనుకి వెయ్యి కంపనాల) శబ్దానికి ఆ దూరం మూడున్నర అంగుళాలు. 100 హెర్ట్జ్‌కి దాదాపు మూడడుగులు. అంగుళం ఫోమ్ సన్నటి (పై స్థాయి) శబ్దాలను మాత్రం తినేస్తుంది, బాస్‌కి అది అసలు కనబడదు. గోడలన్నీ దానితో కప్పితే పై శబ్దాలు చచ్చిపోయి, గుయ్‌మనేది మాత్రం మిగులుతుంది. గది మూగబోయినట్టుంటుంది, బాస్ ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. కోడిగుడ్ల అట్టల సంగతీ అంతే, అవి ఇంకా తక్కువ పని చేస్తాయి.

పైగా మామూలు పాలీయురెథేన్ ఫోమ్‌కి నిప్పంటుకుంటే క్షణాల్లో పాకుతుంది, విషపు పొగ వస్తుంది. తలుపు మూసిన గది, యాంప్ వేడి, గోడల్లో వైర్లు, పిల్లలు. ఈ ఒక్క కారణం చాలు వద్దనడానికి.

బాస్ సంగతికి వద్దాం. గది కొలతను అడుగుల్లో తీసుకుని 565ని దానితో భాగించండి. ఆ వైపు గది ఏ శబ్దానికి ఎక్కువగా మోగుతుందో వస్తుంది. మీ 14 అడుగులకు 40 హెర్ట్జ్, 11 అడుగులకు 51, ఎత్తుకు 59 దగ్గర. వాటికి రెండు, మూడు రెట్ల దగ్గర కూడా మోగుతుంది. మూడూ వేర్వేరుగా ఉన్నాయి కాబట్టి మీ గది అదృష్టవంతమైనదే. 10×10×10 గదుల్లో మూడూ ఒకేచోట పడి భరించలేనంతగా మోగుతాయి. ఇలా మోగేటప్పుడు గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, గది నట్టనడుమ తక్కువ. అందుకే సోఫాను వెనక గోడకు ఆనించి కూర్చుంటే బాస్ చెవుల్లో కూరినట్టుంటుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే 40 హెర్ట్జ్ మాయమవుతుంది.

కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి పని సోఫా జరపడం. మీ గదిలో వెనక గోడ నుంచి ఐదడుగుల చోటు బాగా వస్తుంది. అంత కుదరకపోతే మూడడుగులైనా వదలండి. రెండో పని సబ్‌ఊఫర్ (బాస్ మాత్రమే పలికే స్పీకర్ పెట్టె, క్లుప్తంగా సబ్) చోటు. దాన్ని తీసుకెళ్ళి మీరు కూర్చునే సీటు మీద పెట్టండి. ఒకే తీరున బాస్ నడిచే పాట పెట్టి, గోడల వెంబడి కిందికి వంగి తిరుగుతూ వినండి. ఎక్కడ బాస్ ఉబ్బకుండా, లోటు లేకుండా, ప్రతి దెబ్బా విడిగా వినబడుతుందో అక్కడ సబ్ పెట్టండి. శబ్దం ఇటు నుంచి అటు ఎలా వెళ్తుందో అటు నుంచి ఇటూ అలాగే వస్తుంది కాబట్టి ఇది పని చేస్తుంది. మా గదిలో టీవీ పక్కన మూలలో ఉన్న సబ్ ఈ పద్ధతితో పక్క గోడ మధ్యకి వెళ్ళింది. సగం గోల ఆ రోజే తగ్గిపోయింది.

మూడోది, ప్యానెళ్ళు కొనేముందు ఇంట్లో ఉన్నవాటితో పరీక్ష. దూది పరుపులు, బొంతలు, రజాయిలు తెచ్చి మూలల్లో నిలబెట్టండి, పక్క గోడలకు ఆనించండి, టైల్స్ మీద మందపాటి కార్పెట్ పరచండి. మీకు బాగా తెలిసిన సీన్ ఒకటి చూడండి. ఇది చిల్లర చిట్కా అనుకోకండి. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో పాఠం అర్థం కావడం లేదని, బాగుచేయమని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిపూట పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కో వరస పెంచుతూ మోత ఎంతసేపుంటోందో స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. గదిలో మోత ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టడానికి ఇప్పటికీ అందరూ వాడే సూత్రం ఆ మెత్తల నుంచే పుట్టింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకి కూడా ఆ లెక్కలే వాడారు.

అదే సూత్రంతో మీ గదికి లెక్క వేస్తే, 0.4 సెకన్లకు రావాలంటే 180 చదరపు అడుగుల కిటికీ తెరిచినంత శబ్దం పీల్చుకోవాలి (తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా, అదే కొలత). భయపడకండి. బట్ట కవరున్న సోఫా, కార్పెట్, గోడ నుంచి గోడకి మడతలతో నిండుగా వేలాడే మందపాటి కర్టెన్, కూర్చున్న మనుషులు, ఇవన్నీ పై శబ్దాల్లో అందులో మంచి వాటా తీసుకుంటాయి. రెక్సిన్ సోఫా అయితే ఆ వాటా తగ్గుతుంది. మిగతాది, అన్నిటికంటే ముఖ్యంగా కింది శబ్దాలది, ప్యానెళ్ళు చూసుకోవాలి.

ప్యానెళ్ళు కార్పెంటర్‌తో చేయించుకోవడమే మేలు. రాక్‌వూల్ స్లాబులు ఇన్సులేషన్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. ఒక్కోటి మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు. ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్నది, 50 మిల్లీమీటర్ల మందంది అడగండి. రెండు కలిపి పేర్చితే నాలుగు అంగుళాలు. ఇది రాయిని కరిగించి తీసిన పీచు, బాయిలర్ల చుట్టూ కప్పేది, కాలదు. చెక్క ఫ్రేములో పెట్టి పైన బట్ట కప్పాలి. బట్ట ఎంచుకోవడం తేలిక: నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. మేం ముతక నేత బట్ట వాడాం, చూడ్డానికీ బాగుంది. వెనకవైపు కూడా బట్ట కప్పి కుట్టించండి, పీచు రాలకూడదు. పని చేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

ఎక్కడ పెట్టాలంటే, ముందు నిలువు మూలలు. గది మోగే ప్రతి శబ్దానికీ మూలలో ఒత్తిడి ఎక్కువ. ప్యానెల్‌ని మూలకు అడ్డంగా, వెనక ఖాళీ వదిలి, నేల నుంచి పైదాకా నిలపండి. ఆ ఖాళీ ఉచితంగా దొరికే మందం. తలుపు ఉన్న మూల కుదరకపోతే మిగతా మూడు చేయండి. తర్వాత పక్క గోడలు. మీరు సీట్లో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో మీకు స్పీకర్ కనబడిన చోట ఒక ప్యానెల్. ఎడమ, కుడి, మధ్య స్పీకర్లు మూడిటికీ చూడండి. డైలాగు స్పష్టత ఎక్కువగా ఇక్కడే వస్తుంది. తర్వాత వెనక గోడ. చోటుంటే సోఫా నెత్తి మీద స్లాబుకి ఒకటి. వీటన్నిటికీ నాలుగు అంగుళాల మందం, గోడ నుంచి రెండు మూడు అంగుళాల ఖాళీ. మిగతా గోడలు వదిలేయండి. పుస్తకాల అల్మరా ఉంటే తీసేయకండి, అది శబ్దాన్ని చెదరగొట్టి మేలే చేస్తుంది.

ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పరీక్ష. 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే టోన్ పెట్టి గదిలో తిరగండి. ఏ లైటు గిలక్కాయలా మోగుతోందో, ఏ కిటికీ అద్దం వణుకుతోందో తెలుస్తుంది. అక్కడ సన్నటి ఫోమ్ టేపు వేస్తే చాలు. ఫోమ్ పనికొచ్చే చోటు అదే. సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉంటే మెల్లగా పలికే డైలాగులు ఎంత ప్యానెళ్ళు పెట్టినా పోతాయి. సినిమా టైములో ఏసీ తక్కువ ఫ్యాన్ మీద పెట్టుకుని సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి.

రిసీవర్‌లో ఉండే ఆడిసీ, వైపావో లాంటి కాలిబ్రేషన్ (మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని తానే సరిచేసే ఏర్పాటు) అన్నిటికంటే చివర చేయండి, మైకుని చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టి. అది ఉబ్బిన బాస్‌ని తగ్గించగలదు. మాయమైన బాస్‌ని మాత్రం తేలేదు, ఎంత పెంచినా గోడ నుంచి వచ్చేది అంతే పెరిగి రద్దు చేస్తుంది. దానికి సీటునో సబ్‌ఊఫర్‌నో జరపడమే మార్గం. ఇంకా లోతుగా వెళ్ళాలనుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, యూమిక్-1 అనే కొలత మైకు ఉంటే గదిని గ్రాఫులో చూడొచ్చు. కింది శబ్దాలు ఎంతసేపు నిలుస్తున్నాయో చూపించే గ్రాఫు చాలా ఉపయోగం.

పక్క ఫ్లాటు వాళ్ళకు శబ్దం వెళ్ళకుండా ఎలా అని కూడా అడిగారు. ఈ ప్యానెళ్ళు గది లోపల శబ్దాన్ని బాగుచేస్తాయి, బయటికి పోకుండా ఆపవు. అది వేరే పని, దానికి బరువు, సందు లేకపోవడం కావాలి. ఫ్లష్ డోర్ బరువైనది వేసి, చుట్టూ రబ్బరు బీడింగ్, కింద సందు మూసే పట్టీ పెట్టించండి. సబ్ కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు వేయండి. మాటలు, పాటలు చాలావరకు ఆగుతాయి. స్లాబు గుండా పోయే బాస్ అపార్ట్‌మెంట్‌లో పూర్తిగా ఆగదు, రాత్రిపూట సబ్ తగ్గించుకోవాల్సిందే.

మీ గదిలో తలుపు, కిటికీ ఏ గోడకున్నాయో, టీవీ ఏ వైపో, సోఫా ఎంత దూరం జరపగలరో కొలిచి కింద రాయండి. ఏ సైజు ప్యానెళ్ళు ఎన్ని కావాలో లెక్క వేసి, కార్పెంటర్‌కి ఇవ్వడానికి వీలుగా కొలతలు రాసి పెడతాను.