తుపాను మ్యాపుల చదువుతో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మాది దీవిసీమ. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. తుపాను, వరద ముప్పు మ్యాపులు తయారుచేసే పని నేర్చుకుంటానని, ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ మ్యాపుల చదువైన జియోఇన్ఫర్మాటిక్స్‌లో ఎంటెక్ చేస్తానని పట్టుబట్టింది. ఈ పిచ్చి మాన్పించి డేటా సైన్స్‌లో చేర్చమని బంధువులు అంటున్నారు. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: అయ్యా, కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఇలాంటి ఉత్తరాల్లో దిగులు ఒకటే. ఇంత చదివించాక పిల్ల ఇంట్లో కూర్చుంటే ఎలా అని. ఆ దిగులు ముందు తగ్గించుకోండి. సివిల్ డిగ్రీ ఎక్కడికీ పోదు. హైదరాబాద్‌లోనే ఉపగ్రహ చిత్రాల పని చూసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉన్నాయి. నీటిపారుదల, ఓడరేవులు, బీమా, కన్సల్టెన్సీల్లోనూ ఈ పని తెలిసినవాళ్ళు కావాలి.

ఒక మాట దాచను. ఉపగ్రహ చిత్రం మీద రోడ్లు, చెరువుల గీతలు గీసే ఉద్యోగంలోనే ఉండిపోతే జీతం తక్కువ, ఎదుగుదలా తక్కువ. పైకి రావాలంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, గణాంకాలు, నీటి ప్రవాహాల లెక్కలు వచ్చి తీరాలి. అంటే మీరు పోటీకి పెట్టిన డేటా సైన్స్‌లో సగం ఇందులోనే ఉంది.

ఆరు నెలల్లో డేటా సైన్స్ సర్టిఫికెట్ ఇస్తామనే కోర్సుల మీద నాకు నమ్మకం తగ్గుతోంది. టూల్స్ నేర్పుతారు. వచ్చిన అంకె నిజమో కాదో పట్టుకోవడం నేర్పరు. మీ సీమ సంగతే చూడండి. 2000లో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన నేల ఎత్తుల డేటా ఉచితం కాబట్టి ఇప్పటికీ చాలామంది వాడతారు. చెట్లు దట్టంగా ఉన్నచోట ఆ రాడార్‌కు నేల సరిగా అందదు, కొమ్మల ఎత్తు కలిసిపోతుంది. దాంతో కొబ్బరితోటల్లో నేల ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఆ అంకెల్ని నమ్మి మ్యాపు వేస్తే, ఉప్పెనకు మునిగే ఊరు భద్రంగా ఉన్నట్టు తేలుతుంది! ఏ గట్టు బలహీనంగా ఉందో, ఏ మురుగు కాలువ పూడిపోయిందో, ఏ పేటలో ఇంకా పాకలున్నాయో ఎరిగిన పిల్ల ఆ మ్యాపును చూడగానే అనుమానిస్తుంది. పైగా నీరు ఎంత లోతు వస్తుందన్నది ఒక్కటే చాలదు. అక్కడ ఎవరుంటున్నారు, ముసలివాళ్ళు రాత్రివేళ షెల్టరుకు చేరగలరా అన్నది కూడా కలిస్తేనే ముప్పు లెక్క తేలుతుంది.

1977 నవంబరు 19 ఉప్పెనలో దాదాపు 10 వేలమంది పోయారు. ఎక్కువ దెబ్బ తిన్నది మీ దీవిసీమే. అక్కడ పుట్టిన పిల్ల ఈ పని నేర్చుకుంటానంటే పిచ్చి అని రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది? బంధువులు ఫోన్ చేసినప్పుడు ఆమె పక్షాన మాట్లాడాల్సింది మీరే కదా.

ఈ సెలవుల్లో మ్యాపులు వేసే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఇస్రో భువన్ పోర్టల్‌లో దొరికే ఎత్తుల డేటాతో మీ మండలం మ్యాపు వెయ్యమనండి. మీరూ పక్కన కూర్చుని నీళ్ళు ఎటునుంచి వస్తాయో చెప్పండి. నెల తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ జేఎన్‌టీయూ లాంటి ప్రభుత్వ సంస్థల్లో ప్రయత్నించనివ్వండి. ప్రైవేటు కాలేజీ అయితే మాత్రం ల్యాబు చూసి, అక్కడ చదివినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి.