నీకొచ్చింది నిస్పృహ కాదమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

పత్రికకి పంపిన కథ తిరిగొచ్చిందనీ, నిస్పృహ ఆవరించిందనీ రాశావు. ఆ రెండో మాట దగ్గర ఆగిపోయాను. స్పృహను ఇవాళ మనం తెలివిలో ఉండటానికే వాడుతున్నాం గానీ, సంస్కృతంలో అది కోరిక. ఆ కోరికే చచ్చిపోతే నిస్పృహ. తిరిగొచ్చిన కథలో ఏం మార్చాలని నాలుగు పేజీలు రాసిన పిల్లకి కోరిక చచ్చిందంటే నేనొప్పుకోను. నీది నిరుత్సాహం. ఉత్సాహాన్ని మన ఆలంకారికులు వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, అన్నారు. అది సంబరం కాదు, పనికి పూనుకునే బలం. తగ్గుతుంది, మళ్ళీ పుంజుకుంటుంది. నిరాశ వేరు, ఎదురుచూసింది ఇక రాదని తేలాక కలిగేది. నీ కథలో ఈ మూడింటినీ ఒకదానికి బదులు ఒకటి వాడేశావు.

పైగా, యశవంతపురలో బట్టల కొట్టు నడిపే పెద్దాయన కొడుకుతో "తీవ్ర నిస్పృహకు లోనయ్యాను" అంటాడా? తరాలుగా బెంగళూరులో ఉన్న మన తెలుగువాడు "బేజారైపోయిందిరా" అంటాడు. పారసీ నుంచి వచ్చిన ఆ మాట కన్నడంలో ఎంతగా కలిసిపోయిందంటే, ఇక్కడ విసుగుకీ దిగులుకీ మనసు నొచ్చుకోవడానికీ అదే. గుంటూరు పాఠకుడికి అర్థం కాదేమోనని తీసెయ్యకు, సందర్భమే చెబుతుంది. నువ్వు కథకురాలిగా చెప్పేచోట మాత్రం "డీలా పడ్డాడు" అను, జారిన భుజాలు కనిపిస్తాయి. "నీరుగారిపోయాడు" అంటే ఇంకా మంచిది. అందాకా గట్టిగా నిలబడ్డవాడని కూడా ఆ మాటే చెప్పేస్తుంది.

ఇంకో సంగతి. సుందరకాండ పన్నెండో సర్గలో, లంకంతా గాలించినా సీత కనబడక కుంగిన హనుమ "అనిర్వేదః శ్రియో మూలమ్", కుంగిపోకపోవడమే సిరికి మూలం, అనుకుని మళ్ళీ వెతకడం మొదలుపెడతాడు. చాలామంది ఆ శ్లోకం చెప్పి అక్కడితో ఆపేస్తారు. పదమూడో సర్గలో అతను మళ్ళీ కుంగుతాడు, ఈసారి ప్రాణం తీసుకుందామా అనుకునేంతగా. ఆ తర్వాతే, ఇంకా వెతకని అశోకవనం కంట పడుతుంది. ఆ రెండోసారిని వాల్మీకి దాచలేదు. నీ పెద్దాయన మాత్రం కొడుకు ఒక్క మాటకే, ఒక్క పేరాలో తేరుకుంటాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆయన్ని మర్నాడు కూడా కొట్టు తెరవనివ్వు, బేరం లేక మళ్ళీ కూలబడనివ్వు. అక్కడ ఆ బాధకి ఏ పేరూ పెట్టకుండా, ఆయన చేతులేం చేస్తున్నాయో రాయి.

ఆ మర్నాటి భాగం రాసి నాకు పంపు. ఆ పత్రికకే మళ్ళీ పంపాలా, వేరేదానికా అన్నది తర్వాత చూద్దాం.