రైస్ కార్డు తీసేశారు, బళ్ళో అన్నం కూడా ఆపేస్తారా?

ప్రశ్న: మాది కనిగిరి. పాప గవర్నమెంటు స్కూల్లో నాలుగో తరగతి. కిందటి నెల మా రైస్ కార్డు తీసేశారు. మూడు వాటాలకూ ఒకటే మీటరు కావడంతో కరెంటు 300 యూనిట్లు దాటిందట. అమెరికాలో ఆహార సాయం ఆగితే పిల్లలకు బళ్ళో ఉచిత భోజనమూ పోతుందని టీవీలో చెప్పారు, ఇక్కడా అంతేనని పక్కింటావిడ అంటోంది. వరసలోంచి లేపేస్తే పాప చిన్నబోతుందని మూడు రోజులుగా సంచిలో కంచం తీసేసి క్యారేజీ కట్టి పంపుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ కంచం సంచిలో పెట్టి పంపండమ్మా, రేపే.

టీవీలో చెప్పింది అక్కడి సంగతి. అక్కడ స్నాప్ అనే సాయం అందే ఇంటి పిల్లలకు అప్లికేషన్ లేకుండానే బడి భోజనం ఉచితమవుతుంది, ఆ సాయం పోతే అమ్మానాన్నలు ఆదాయం చూపించి విడిగా అప్లై చేసుకోవాలి. మన దగ్గర ఆ ముడి లేదు. వండిన భోజనం పెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది, 2013 ఆహార భద్రతా చట్టం ఎనిమిదో తరగతి దాకా గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్ళలో ప్రతి పిల్లకూ దాన్ని హక్కు చేసింది. హాజరు పట్టీలో పేరుంటే చాలు, కార్డు అడగకూడదు. ఆధార్ లేదని కూడా పిల్లలకు ఏదీ ఆపకూడదని 2018లో అదే కోర్టు తీర్పిచ్చింది. ఎవరైనా అడిగితే హెడ్మాస్టరు గారికి ఈ మాటే చెప్పండి. నాలుగో తరగతి పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 12 గ్రాముల ప్రొటీను లెక్క, పైగా గుడ్డు, చిక్కీ. ఇంట్లో బియ్యం తగ్గిన నెలలోనే ఆ గుడ్డు వదులుకుంటే ఎలా?

అలాగని కార్డు సంగతి వదిలేయకండి. నాకు బెంగగా ఉన్నది దాని గురించే. బడి పెట్టేది ఒక్క పూట, అదీ బడి ఉన్న రోజే. రాత్రికి, ఆదివారానికి, ఎండాకాలం సెలవులకు మీ పాప తినేది కార్డు మీద మనిషికి నెలకు వచ్చే ఆ 5 కిలోల బియ్యమే కదా. సచివాలయానికి వెళ్ళి, మీటరు ఓనరు పేరున ఉంది, మూడు కాపురాలు వాడుతున్నాయి, మా వాడకం ఇంతే అని అర్జీ రాసివ్వండి, అద్దె కాగితం ఉంటే జతచేయండి. నోటిమాటతో తిరిగి రావద్దు, రసీదు అడిగి తీసుకోండి. వీలైతే మీ వాటాకు విడిగా మీటరు పెట్టించమని ఓనరును అడగండి, లేకపోతే మళ్ళీ ఎండాకాలానికి ఇదే తంటా వస్తుంది.