చేతికి లొంగే తూటా: మేనకోడలికి ఉత్తరం

శిరీషా,

నిన్న నువ్వు ఫోన్లో అడిగినప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ నాన్న కూడా లైన్లో ఉన్నాడు. తుపాకి అన్న మాట వింటేనే అన్నయ్యకి బీపీ పెరుగుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

రాత్రి రెండింటికి ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఆ పార్కింగ్ లాట్ చివరి దాకా ఒక్కదానివే నడవాలని చెప్పావు. గ్రీన్ కార్డు కూడా వచ్చింది కాబట్టి తుపాకి కొనుక్కోవాలనుకుంటున్నావు. కొనాలా వద్దా అన్నది నువ్వూ మీ ఆయనా తేల్చుకున్న విషయం, అందులో నేను తలదూర్చను. ఏ సైజు తూటా (క్యాలిబర్ అంటారు) పట్టే పిస్టల్ కొనాలి, .380 తీసుకోనా, 9 ఎంఎం తీసుకోనా, షాపతను చెప్పినట్టు .45 తీసుకోనా అని అడిగావు. నా జవాబు ఇది: వెంట ఉంచుకోవడానికి 9 ఎంఎం, చెయ్యి తిరగడానికి .22. ఎందుకో చెప్పే ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను.

హ్యూస్టన్ శివార్లలో గ్యాస్ స్టేషన్ తీసుకున్న కొత్తలో మీ మామయ్య, నేను ఒక తుపాకి షాపుకి వెళ్లాం. కౌంటర్ దగ్గరున్నతను నా చేతులు చూసి, ఆడవాళ్లకి ఇదే కరెక్ట్ అని చిన్న .38 స్పెషల్ రివాల్వర్ పెట్టాడు. నాలుగు వందల గ్రాములు దాటి కొంచెం ఉంటుందేమో, బొమ్మలా ఉంది. ముచ్చటపడి కొనేశాం. రేంజిలో, అంటే తుపాకి కాల్చడం ప్రాక్టీసు చేసే చోట, మొదటి అయిదు తూటాలు కాల్చేసరికి బొటనవేలు మొదట్లో వాచింది. ఆ తర్వాత ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోయాయి. ఇరవై కాల్చి ఇంటికొచ్చాను. మళ్లీ రెండేళ్ల దాకా రేంజి మొహం చూడలేదు. ఆ రెండేళ్లూ అది నా క్యాష్ కౌంటర్ కింద సొరుగులోనే ఉంది. అవసరమొస్తే నేను ఎవరిని కొట్టేదాన్నో, ఎవరికి తగిలేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అప్పుడు నాకు తెలియని విషయం ఒకటే. తూటా అదే అయినా తుపాకి తేలికైన కొద్దీ వెనక్కి తన్నడం ఎక్కువవుతుంది. చిన్న చెయ్యికి చిన్న తుపాకి అన్నది చీర, జాకెట్ లెక్క. తుపాకికి అది పనికిరాదు. పట్టుకోవడానికి మూడు వేళ్లూ నిండుగా ఆనే పిడి, కొంచెం బరువు, ఇవి ఉంటేనే తన్ను తగ్గుతుంది.

ఇప్పుడు .380 సంగతి. దాని బుల్లెట్ వెడల్పు 9 ఎంఎం బుల్లెట్ వెడల్పే, అంగుళంలో .355 వంతు. తూటాలో ముందు దూసుకుపోయేది బుల్లెట్, దాని వెనక పేలుడు మందు నింపిన గొట్టం ఉంటుంది. తేడా ఉన్నది ఆ గొట్టంలో. 9 ఎంఎం గొట్టం పొడవు 19 మిల్లీమీటర్లు, .380ది 17. అందులో మందు తక్కువ పడుతుంది కాబట్టి వేగం తక్కువ. వినడానికి నీకు సరిపోయేట్టే ఉంది కదా? కానీ దాన్ని ఎక్కువగా జేబులో పట్టే బుల్లి పిస్టళ్లలో పెడతారు. రూగర్ ఎల్‌సీపీ లాంటివి ఖాళీగా 300 గ్రాముల లోపే ఉంటాయి, అందుకే తూటా చిన్నదైనా చేతిని చురుక్కుమనిపిస్తాయి. పైగా 9 ఎంఎం తయారైనంతగా .380 తయారు కాదు, డబ్బా ధర ఎక్కువ. ధర ఎక్కువైతే నువ్వు కాల్చేది తగ్గుతుంది. నాకు అసలు అభ్యంతరం అదే.

అలాగని .380ని తీసిపారేయను. మా వీధిలో ఒకావిడకి కీళ్లవాతం, స్లైడ్, అంటే పిస్టల్ పైభాగం, వెనక్కి లాగే శక్తి వేళ్లలో లేదు. ఆవిడ స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ అని, స్లైడ్ సులువుగా లాగడానికే చేసిన కొంచెం పెద్ద .380 తీసుకుంది. చక్కగా కాలుస్తుంది. నీ చేతులకి ఆ ఇబ్బంది లేదు.

షాపతను .45 అన్నాడంటే అతని వయసు యాభై దాటి ఉంటుంది. ఆ తరంవాళ్లకి అదో నమ్మకం, దానికి కారణమూ ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో బ్యాంకు దొంగలిద్దరికీ, అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లకీ కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఒక దొంగకి 9 ఎంఎం బుల్లెట్ తగిలింది. చేతిలోంచి ఛాతీలోకి దూరింది కానీ గుండె దాకా వెళ్లకుండా ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. అక్కడి నుంచి ఎఫ్‌బీఐ పెద్ద తూటాల వైపు వెళ్లింది. ముందు 10 ఎంఎం తెచ్చారు, అది చాలామంది చేతికి లొంగలేదు. 1990లో వచ్చిన .40 స్మిత్ అండ్ వెసన్‌కి మారారు, దేశమంతా పోలీసులూ అదే పట్టారు. అదీ వెనక్కి తన్నేది గట్టిగానే. ఈలోపు బుల్లెట్ల తయారీ బాగుపడింది. మనిషి కండకి బదులుగా వాడే జెల్లీ దిమ్మలో బుల్లెట్ 12 నుంచి 18 అంగుళాల లోతు దిగాలని వాళ్లు ఒక కొలత పెట్టుకున్నారు. కొత్తరకం 9 ఎంఎం ఆ కొలత అందుకుంది. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే 9 ఎంఎంకి తిరిగి రావడం మంచిదని కారణాలు రాసింది. అదే పనిగా తర్ఫీదు పొందే ఏజెంట్లు కూడా తక్కువ తన్నే తూటాతో త్వరగా, గురిగా కాల్చగలిగారన్నది అందులో ముఖ్యమైన కారణం. ఈ కథ ఇంత చెప్పింది ఎందుకంటే, షాపులో ఎవరైనా నిన్ను "9 చాలదమ్మా" అని భయపెడితే నువ్వు తడబడకూడదని.

డబ్బా మీద గ్రైన్ అని ఒక అంకె ఉంటుంది. అది బుల్లెట్ బరువు. మన కంసాలులు గురిగింజలతో బంగారం తూచినట్టు, వీళ్లది బార్లీ గింజతో మొదలైన తూకం. పౌండుకి 7000 గ్రైన్లు. .45లో మామూలుగా వచ్చేది 230, అంటే దాదాపు 15 గ్రాములు. 9 ఎంఎంలో 115, 124, 147 దొరుకుతాయి. నువ్వు 124 తీసుకో. ప్రాక్టీసుకీ, వెంట ఉంచుకోవడానికీ అదే బరువైతే చేతికి తేడా తెలియదు.

ఆ రెండింటికీ బుల్లెట్ రకం మాత్రం వేరే. ప్రాక్టీసుకి రాగి తొడుగున్న గుండ్రటి మొన బుల్లెట్, ఎఫ్ఎంజే అంటారు, చవక. కానీ అది మనిషిలోంచి దూసుకుపోయి వెనకున్నవాళ్లకి తగలగలదు. అందుకని వెంట ఉంచుకునేది హాలో పాయింట్ ఉండాలి. దాని మొనలో గుంట ఉంటుంది, లోపలికి వెళ్లగానే పువ్వులా విచ్చుకుని వేగం తగ్గుతుంది. అయినా ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు అట్టముక్కల్లాంటివి. ఏ క్యాలిబర్ అయినా గురి తప్పితే పక్కింటి గదిలోకే పోతుంది. హాలో పాయింట్ ఖరీదు ఎక్కువే. అయినా కొన్న రకం కనీసం వంద తూటాలు నీ పిస్టల్లో కాల్చి చూడు. ఒక్కటి కూడా ఇరుక్కోకపోతేనే నమ్ము. ఇంకొకటి, రోజూ తుపాకి ఖాళీ చేసి మళ్లీ నింపేవాళ్లు అదే తూటాని పదేపదే ఛాంబర్లోకి, అంటే తూటా పేలే అరలోకి, ఎక్కిస్తారు. అలా కొట్టుకుని కొట్టుకుని బుల్లెట్ గొట్టంలోకి దిగబడుతుంది. అది కాలిస్తే లోపల పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. పక్క తూటాతో పోల్చి చూసి, పొట్టిగా కనబడితే పక్కన పడెయ్.

ఇక .22. నిన్ను కాల్చేదానిగా తయారుచేసేది ఇదే. శబ్దం తక్కువ, తన్ను దాదాపు లేదు, ఒక 9 ఎంఎం తూటా డబ్బుకి రెండు మూడు వస్తాయి. చెయ్యి భయం మానేస్తే కన్ను పని చేయడం మొదలుపెడుతుంది. నాకు ఆ రివాల్వర్ నేర్పిన చెడు అలవాటు వదిలించడానికి ఒక వేసవంతా .22 మాత్రమే కాల్చాల్సి వచ్చింది. 2020లో వచ్చిన గ్లాక్ కంపెనీ పిస్టల్ గ్లాక్ 44 అచ్చం గ్లాక్ 19 సైజే, మొదటిది .22, రెండోది 9 ఎంఎం. పిడి, ట్రిగ్గర్ స్థానం, గురి చూసే తీరు అన్నీ ఒకటే. డబ్బు ఉంటే ఆ జత మంచిది. లేకపోతే .22ని రేంజిలో అద్దెకి తీసుకో.

అయితే .22ని వెంట ఉంచుకోవడానికి నమ్మకు. దాని నిప్పు మందు గొట్టం అంచు చుట్టూ ఉంటుంది, మిగతావాటిలా మధ్యలో కాదు. అందుకే అప్పుడప్పుడూ పేలదు. రేంజిలో అలా టిక్‌మని ఊరుకుంటే వెంటనే తెరవకు, గురి వైపే పట్టుకుని ముప్పై సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలవచ్చు.

నెలకి రెండుసార్లు వెళ్లు. ప్రతిసారీ .22 వంద, చివర్లో 9 ఎంఎం యాభై. అంతకు మించి వద్దు, అలసిన చెయ్యి తప్పులు నేర్చుకుంటుంది. మధ్యమధ్యలో వేరేవాళ్ల చేత, తూటాలు పేర్చే మ్యాగజైన్‌లో ఉత్తుత్తి తూటాలు కలిపించు. ఏది పేలుతుందో నీకు తెలియకూడదు. ఉత్తుత్తి తూటా వచ్చినప్పుడు తుపాకి మూతి కిందకి వంగితే, నువ్వు చప్పుడుకి ముందే ఉలిక్కిపడుతున్నట్టు.

కొనే ముందు రేంజిలో అద్దె పిస్టళ్లతో ఒక పరీక్ష పెట్టుకో. ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేటు, అయిదు తూటాలు, అయిదు సెకన్లు. 9 ఎంఎంతో అయిదూ ప్లేటులో పడితే మాట అయిపోయింది. ఎంత ప్రయత్నించినా పడక, .380తో పడితే అప్పుడు .380 కొనుక్కో, నేనేమీ అనను.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో ఇరవై ఒకటి నిండినవాళ్లకి లైసెన్స్ లేకుండానే వెంట పెట్టుకునే వీలుంది, చట్టం అడ్డుచెప్పనివాళ్లయితే. అయినా నువ్వు లైసెన్స్ తీసుకో. ఆ క్లాసులో ఎక్కడికి తీసుకెళ్లకూడదో నేర్పుతారు. మీ ఆసుపత్రి రూలు కూడా ముందే అడిగి తెలుసుకో. ఆ క్లాసు చివర్లో పరీక్ష ఉంటుంది: 3, 7, 15 గజాల నుంచి యాభై తూటాలు, 250కి 175 మార్కులు రావాలి.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. నీ తమ్ముడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటూ నీ ఇంట్లోనే ఉంటున్నాడు. ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1 వీసాల వాళ్లు తుపాకి గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజిలో సరదాగా చేతిలోకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు లాంటివి ఉన్నాయి కానీ, లాయర్ని అడగకుండా వాడు వాటి జోలికి పోకూడదు. సేఫ్ కోడ్ వాడికి తెలియకూడదు. సరదాగా దిగిన ఒక్క ఫొటో వాడి చదువునీ వీసానీ మింగేస్తుంది.

బుజ్జిదానికి మూడేళ్లు. తుపాకి నీ ఒంటి మీద లేని ప్రతి నిమిషం తాళం వేసిన సేఫ్‌లో ఉండాలి. అల్మారా పై అరా కాదు, హ్యాండ్‌బ్యాగ్ అసలే కాదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగా కుంగి ఉందనిపిస్తే, ఆ రోజే తెచ్చి మా సేఫ్‌లో పెట్టు. ఎందుకని నేను అడగను.

రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని మొన్న అన్నావు. కాల్చిన ప్రతిసారీ సీసం దుమ్ము గాల్లోకి వస్తుంది, మూసి ఉన్న రేంజిలో మరీ ఎక్కువ. ఆ శబ్దం కడుపులోకీ చేరుతుంది, నీ చెవులకి పెట్టుకునే మఫ్‌లు బిడ్డకి ఉండవు. నెల తప్పిందని అనుమానం వచ్చినా రేంజి మానెయ్. మామూలు రోజుల్లో కూడా చేతులు సబ్బుతో చల్లటి నీళ్లలో కడుక్కునే దాకా ఏమీ తినకు, బుజ్జిదాన్ని ఎత్తుకోకు. బట్టలు విడిగా ఉతుకు. చెప్పులు బయట వదిలే మన అలవాటు ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది.

రేంజికి ఒక బ్యాగ్ విడిగా పెట్టుకో. అది ఎప్పుడూ విమానం ఎక్కకూడదు. మూలలో మర్చిపోయిన ఒక్క తూటాతో ఇండియా ఎయిర్‌పోర్టుల్లో దొరికిపోయి, ఆయుధాల చట్టం కింద కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. మన దగ్గర 9 ఎంఎం మామూలు జనానికి లైసెన్స్ మీద కూడా ఇవ్వని రకం.

వచ్చే నెల రెండో శనివారం సెలవు పెట్టుకుని హ్యూస్టన్ దగ్గర కేటీకి రా. రేంజిలో లేన్ నేనే బుక్ చేస్తాను, తొమ్మిదింటికి పెద్దగా జనం ఉండరు. నా .22, నా గ్లాక్ 19, అద్దెకి ఒక .380 పెట్టుకుందాం. మెడ దాకా మూసి ఉన్న టాప్ వేసుకో, కాల్చాక ఎగిరిపడే వేడి తూటా గొట్టాలు లోపల పడితే కాలుతుంది. బుజ్జిదాన్ని మీ మామయ్య చూసుకుంటారు. మధ్యాహ్నానికి గోంగూర పప్పు చేసి ఉంచుతాను, చేతులు కడుక్కున్నాకే కంచం దగ్గరికి రానిస్తాను.

నీ అత్త