పాఠం చెప్పడం పుస్తకం చదివితే వస్తుందా?

ప్రశ్న: "మెగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్ష) ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా సెలెక్ట్ అయ్యాను. తరగతి బోధన గురించి రాసిన పుస్తకాలు కొనమంటారా? అవి నిజంగా పనికొస్తాయా, లేక అనుభవమే అన్నీ నేర్పుతుందా?"

ముందు అభినందనలు. కొనండి. అయితే డీఎస్సీకి చదివినవాటిని మాత్రం ఆ లెక్కలో వేసుకోకండి. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ... సైకాలజీ ప్రయోగాల్లోని ఆ జూ అంతా నాకూ కంఠతా వచ్చు. అవనిగడ్డలో కోచింగ్ తీసుకునే రోజుల్లో నిద్రలో లేపి అడిగినా బిట్లు అప్పజెప్పేదాన్ని. తీరా ఉద్యోగంలో చేరాక, బెంచీకి నలుగురు చొప్పున ఇరుక్కుని కూర్చున్న ఏడో తరగతి ముందు నిలబడితే ఒక్క బిట్టూ అక్కరకు రాలేదు. అన్ని పేజీలు తిరగేసినా ఆ కుక్కలూ పిల్లుల మధ్య మాట్లాడే పిల్లవాడు ఒక్కడూ లేడు మరి.

రేపు మీ స్టాఫ్‌రూమ్‌లో కూడా ఎవరో ఒకరు అంటారు చూడండి, "పుస్తకాలతో ఏమొస్తుందమ్మా, సర్వీసు పెరిగేకొద్దీ అదే అలవాటవుతుంది" అని. అలవాటయ్యే మాట నిజమే. ఏది అలవాటవుతుందన్నదే అసలు సంగతి. నోట్స్ బోర్డు మీద రాసి ఎక్కించడమూ అలవాటవుతుంది, ప్రశ్న అడిగి ముందు బెంచీ వైపు చూడటమూ అలవాటవుతుంది. అనుభవం మంచి చెడూ ఏరి ఇవ్వదు, రెండింటినీ గట్టిపరుస్తుంది. నా దృష్టిలో మంచి పుస్తకం చేసే పని ఒక్కటే. మనకి కనిపించకుండా పోయిన ఒక అలవాటును పట్టి చూపిస్తుంది.

నేను లెక్కల టీచర్ని, ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. మా సోషల్ మాస్టారు ఒకసారి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చారు. పేరు చెప్పను, ఎందుకంటే అందులో ముప్పాతిక భాగం మన బడికి పనికిరాదు. ఇరవైమంది పిల్లలు, గుండ్రటి బల్లలు, గదికో సహాయక టీచర్! ఆ పేజీలు చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ మధ్యలో ఒక పేజీన్నర ఉంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త సైన్సు క్లాసుల్ని టేపు మీద రికార్డు చేయించి విన్నారట. 1970ల నాటి మాట. టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక సెకను. అంతే! ఆలోపు జవాబు రాకపోతే ప్రశ్న మార్చడమో, ఇంకొకర్ని లేపడమో, తామే చెప్పేయడమో. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. ఇంకో మాట కూడా ఉంది, అది ఇంకా కష్టం. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా మనం మూడు సెకన్లు ఆగాలి. "వెరీ గుడ్" అనకుండా, "తప్పు, కూర్చో" అనకుండా.

దీనికి బల్లలు అక్కర్లేదు, ట్యాబ్‌లు అక్కర్లేదు, నెట్ సిగ్నల్ అసలే అక్కర్లేదు. మర్నాడు ఏడో తరగతిలో అడిగాను: "సున్నా సరిసంఖ్యా, బేసిసంఖ్యా?" ముందు బెంచీ వాళ్లకి అలవాటే కదా, నోరు తెరవబోయారు. వేలు పెదాల మీద పెట్టి చూపించి, మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. మూడు సెకన్లంటే వినడానికి చిన్నదే కానీ, మొదటిసారి నిలబడి చూడండి, ఎంత టెన్షనో! చాక్‌పీస్ తిప్పుకుంటున్నాను. పిల్లలేమో మేడమ్‌కి ఏదో అయిందన్నట్టు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు.

చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. హాజరు పలకడానికి తప్ప గొంతు వినిపించదు. ఆ పిల్ల కూర్చునే అంది, "సరిసంఖ్యే మేడమ్. సున్నా రూపాయలు ఇద్దరికి పంచితే ఏం మిగలదుగా."

నాలిక చివరిదాకా వచ్చిన "వెరీ గుడ్"ని ఆపుకున్నాను. ఆపుకున్నాను కాబట్టే కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు లేచాడు. "ఇద్దరికీ ఏం రాలేదుగా, మరి పంచినట్టెట్టా అవుద్ది?" ఇంకొకడు అందుకున్నాడు. "మూడు పంచితే ఒకటి మిగులుద్ది, బేసి. రెండు పంచితే మిగలదు, సరి. సున్నా పంచినా మిగలట్లేదు, కాబట్టి సరిసంఖ్యే." ఈ గొడవ ఇక్కడితో తేలిందనుకునేలోపు ముందు బెంచీ నుంచి, "సున్నాని ముగ్గురికి పంచినా మిగలదు కదా మేడమ్, మరి అదేం సంఖ్య?" అని వచ్చింది. ఆ ప్రశ్న నా లెసన్ ప్లాన్‌లో లేదు. ఆరునీ ముగ్గురికి పంచితే మిగలదు, అయినా అది సరిసంఖ్యే కదా అని వాళ్లలో వాళ్లే తేల్చుకునేసరికి బెల్లు కొట్టారు. "2 చే నిశ్శేషంగా భాగించబడు సంఖ్యను సరిసంఖ్య అందురు" అనే వాక్యాన్ని నేనే ఎన్నిసార్లు బోర్డు మీద రాయించానో. ఆ "నిశ్శేషంగా" అంటే ఏమిటో ఆ రోజు వాళ్లంతట వాళ్లే తవ్వి తీశారు.

ఈ పద్ధతి పట్టుకున్నాక ఒకసారి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నేను ప్రశ్న అడిగి నిలబడి ఉన్నాను, క్లాసంతా నిశ్శబ్దం. "ఏమ్మా, పాఠం చెప్పట్లేదా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఒకడు, "ఆలోచిస్తన్నాం సార్" అన్నాడు. ఆయన ఏమనుకున్నారో గానీ నోట్‌బుక్కులు దిద్దారా లేదా అని మాత్రం చూసుకుని వెళ్లారు. పిల్లలు ఆలోచించిన సమయానికి ఏ రిజిస్టర్లోనూ కాలమ్ లేదు, ఏ యాప్‌లోనూ ఫొటో అప్‌లోడ్ చేయలేం. ట్రైనింగుల సంగతీ అంతే. మాడ్యూలు పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది, అందరం దండం బొమ్మ పెడతాం, చాలామందిమి తెరవం. తెరిస్తే "అభ్యసన ఫలితాలు", "సామర్థ్యాల సాధన". ఏ పేజీలోనూ కిటికీ పక్క పిల్లవాడు లేచి అడ్డు ప్రశ్న వేయడు.

అందుకని నేనొక కొలత పెట్టుకున్నాను. షాపులో పుస్తకం తీసి మధ్యలో ఎక్కడో తెరుస్తాను. మూడు పేజీల్లోపు ఒక్క పిల్ల మాటైనా, అందులోనూ తప్పు జవాబైతే మరీ మంచిది, కనిపించకపోతే అక్కడే పెట్టేస్తాను. ఈ కొలతకు నిలబడనిది ఎంత పెద్ద ప్రొఫెసర్ రాసినా దండగే, రాసిస్తాను కావాలంటే. రిటైరైన టీచర్ల ఆత్మకథల్లో చాలా వరకు ఇక్కడే పోతాయి. వాళ్ల శిష్యులంతా కలెక్టర్లూ డాక్టర్లూ అయిపోతారు, ఫెయిలైన పాఠం ఒక్కటీ ఉండదు.

మీరు ఎస్జీటీ కాబట్టి ఒక్కటే చెప్పమంటే గిజుభాయి బధేకా "పగటి కల" చెబుతాను. గుజరాతీలో "దివాస్వప్న", తెలుగులో చిన్న పుస్తకంగానే వచ్చింది. గిజుభాయి మొదట వకీలు, తర్వాత భావనగర్‌లో పిల్లల చదువుకి అంకితమైపోయారు. అందులో లక్ష్మీరామ్ అనే కుర్రాడు విద్యాధికారిని అడిగి నాలుగో తరగతి తీసుకుంటాడు, ప్రయోగం చేస్తానని. బోలెడు ఆదర్శాలతో వెళ్తాడు. మొదటి రోజే నిశ్శబ్దపు ఆట ఆడిద్దామంటే పిల్లలు గోలగోల చేసి ఆ పథకమంతా నేలపాలు చేస్తారు! మర్నాడు కథ చెప్పడం మొదలుపెట్టాకే దారికొస్తారు. గిజుభాయి పోయింది 1939లో. ఇంత పాత పుస్తకంలోనూ తోటి టీచర్లు "ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది, పరీక్షల సంగతేంటి" అనే అడుగుతారు. ఆ పేజీలు చదివినప్పుడు మా స్టాఫ్‌రూమే కళ్ల ముందు కదిలింది.

లెక్కల వాళ్లకి మాత్రం తెలుగులో ఇలాంటిది నాకింతవరకు దొరకలేదు. 1/2 + 1/3 అంటే 2/5 అని రాసే పిల్లాడి తలలో ఏం జరుగుతోందో, అప్పుడు ఏం అడగాలో తెలుగులో ఒక టీచరు రాస్తే నేను పది కాపీలు కొని పంచుతాను. మనవాళ్లు గైడ్లు రాస్తారు గానీ ఇది రాయరు.

ఇంకోటి, కొనేముందు మీ బడి లైబ్రరీ బీరువా తెరిపించండి. ప్రభుత్వం పంపిన మంచి పుస్తకాలు కట్టలు విప్పకుండానే ఉండొచ్చు. తాళం హెచ్‌ఎం గారి దగ్గరో, ఇన్‌ఛార్జి టీచర్ దగ్గరో ఉంటుంది. పుస్తకం పోతే డబ్బు కట్టాల్సి వస్తుందని భయం, అందుకే తీయరు. నేను మాత్రం స్టాక్ రిజిస్టర్లో నా పేరు మీద రాయించుకుని తెచ్చేసుకుంటాను. మీరూ సంతకం పెట్టి తెచ్చేసుకోండి.