కాలి పుండు మీద లవంగ నూనె రాయచ్చా? మా నాన్న విషయంలో జరిగింది

మీ అత్తయ్యగారికి షుగర్ ఉందని, కాలి పుండు రెండు రకాల యాంటీబయాటిక్స్‌కీ తగ్గలేదని, మందులకు లొంగని బ్యాక్టీరియాను మొక్కల నూనెలు చంపుతాయని చదివానని, లవంగ నూనె రాయచ్చా అని మీరు అడిగారు. రాయకండి. ముందు చీము కల్చర్ టెస్ట్ చేయించండి, అంటే పుండులో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష.

మాది సోంపేట దగ్గర పల్లె. జీడితోటలో నాన్న కాల్లో పుల్ల గుచ్చుకుంది. షుగర్ వల్ల పాదం మొద్దుబారి ఉండడంతో ఆయనకు తెలియనేలేదు. ఊళ్లో ఇచ్చిన మాత్రలు మూడు కోర్సులు మింగినా చీము ఆగలేదు. నేనూ మీలాగే చదివి, లవంగ నూనె తెచ్చాను. "ఏటవదమ్మా, రాసీ" అన్నారు నాన్న. నీళ్లూ కొబ్బరినూనే ఏమీ కలపకుండా రాశాను. రెండు రోజులకు పుండు చుట్టూ చర్మం తెల్లబడి ఊడొచ్చింది. మంట తెలిసుంటే ఆయనే ఆపేవారు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధేస్తుంది.

మీరు చదివింది అబద్ధం కాదు. లవంగ నూనెలో యూజినాల్, వాము నూనెలో థైమాల్, టీ ట్రీ ఆయిల్‌లో టెర్పినెన్-4-ఆల్ ఉంటాయి. ఇవి బ్యాక్టీరియా పొరలోకి దూరి దాన్ని పాడుచేస్తాయి, లోపలి పొటాషియం కారిపోతుంది. ఎంఆర్ఎస్ఏ అనే మొండి రకం కూడా ల్యాబ్ పళ్లెంలో చస్తుంది. కానీ షుగర్ పుండ్లలో సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. దానికి బయట ఇంకో పొర అడ్డం, లోపలికొచ్చిన మందును బయటికి తోసేసే పంపులు కూడా ఉంటాయి. పైగా ల్యాబ్ పళ్లెంలో చీమూ, చచ్చిన కండా ఉండవు. క్రిమిని చంపేంత గాఢంగా రాస్తే మన చర్మమూ కాలుతుంది.

శ్రీకాకుళంలో చీము తీసి కల్చర్‌కి పంపారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది: ఎంఆర్ఎస్ఏ. అందులో మందు పేరు పక్కన ఎస్ ఉంటే పనిచేస్తుంది, ఆర్ ఉంటే పనిచేయదు. నాన్న మింగినవన్నీ ఆర్‌లోనే ఉన్నాయి. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం అనగానే డాక్టర్ గారు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూశారు. ఈ క్రిమికి వాడే వాంకోమైసిన్ కిడ్నీలకు హాని చేయగలదు, అందుకే లినిజోలిడ్ రాశారు. చచ్చిన కండ తీసేశారు. రోజూ డ్రెస్సింగ్, షుగర్ అదుపు. నెలన్నరకు పుండు మానింది.

అత్తయ్యగారి పాదం నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం ఉన్నా ఈరోజే తీసుకెళ్లండి. ఇప్పటిదాకా వాడిన మాత్రల చీటీలన్నీ పట్టుకెళ్లండి, నూనె ఇప్పటికే రాసి ఉంటే అదీ చెప్పండి.